గోడకు నేసిన కవచం

ఆదిలాబాదుకు ప్రత్తిచేల వల్ల, కరీంనగరు సీమలోని సిరిసిల్లకు మరమగ్గాల వల్ల పేరు వచ్చింది. పడుగు పేకల బలం అక్కడి పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ అల్లికయే పేలుడు ధాటినుండి భవనాలను కూడ కాపాడగలదన్నది విజ్ఞానశాస్త్రం చూపిన విశేషం.

ఇటుకగోడ బరువును మోస్తుంది గాని వంపును సహించదు. పేలుడు తాకిడికి అది పగిలితే, ఎగిరిపడే పెళ్లలే లోపలివారి ప్రాణాలు తీస్తాయి. వాటిని ఆపడానికి ప్రత్తినూలు చాలదు. గాజునారతోనో, స్టెఫనీ క్వోలెక్ 1965 నాటి పరిశోధన వల్ల వెలువడిన కెవ్లార్ నారతోనో నేసిన గుడ్డను రెజిన్ అనే జిగురులో తడిపి గోడ లోపలివైపున అతికిస్తారు. అంచులను నేలకు, కప్పుకు బిగిస్తారు. ఒంటరిగా నార వంగుతుంది, జిగురు పగులుతుంది. కలిసినప్పుడు రెండూ దెబ్బను పంచుకుంటాయి.

గోడ బీటలు వారవచ్చు. దాని చాటున మనిషి బ్రతుకుతాడు. నేతవిద్యకు ఇంతకంటె సార్థకత ఏమున్నది?