మందిర ప్రాంగణమున రాతి పఱపు

గత సంవత్సరము రామభజనము జరిగిన రాత్రి, తెల్లవాఱుజామున సన్నని చినుకులు పడిన సంగతి సభ్యులలో పెక్కుమందికి జ్ఞాపకముండును. లోపల చోటు చాలకపోవుటచే ఆ యేడు దీపపు కంబమును ప్రాంగణమునందే నిలిపితిమి. దాని చుట్టును అడుగులు వేయుచు పాడుచున్నవారు వాన వచ్చినను భజన నాపలేదు. హారతివేళ డెబ్బది యేండ్లు దాటిన ఒక అవ్వ గర్భగుడి మెట్లవైపు నడచుచు, తడిసిన నున్నని పలకపై కాలు జాఱి పడినది. తుంటి యెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగి ఆమె కోలుకొన్నది గాని, నాటినుండి మందిరములోనికి రాలేదు. కుమారుడు కారును గేటు వెలుపల నిలుపగా అచ్చటనే కూర్చుండి నమస్కరించి వెడలుచున్నది. నేను చూడబోయినప్పుడు ఆమె నన్నడిగిన మాట ఇది: “ఇంత నున్నగా ఎందుకు పఱిపించినారు నాయనా? దేవుడు లోపలే ఉంటాడు గదా, ఈ రాళ్లమీద నడిచేది మేమే గదా.”

నావద్ద సమాధానము లేకపోయినది. ఆ పలకలను ఎన్నుకొన్న ఉపసంఘములో నేనును ఒకడను. నమూనా రాయిని చేతబట్టి “అద్దమువలె మెఱయుచున్నది” అని మొదట మెచ్చుకొన్నవాడను నేనే.

ఇప్పుడు ప్రాంగణమును మఱల పఱిపింపవలెనని సంఘము తలపెట్టినది. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు రానున్నది. రాయి యెట్టిది, ఎచ్చటినుండి తేవలెను అను వాదములు అప్పుడే బయలుదేఱినవి. ఆ వాదములకు ముందుగా, రాయి క్రింద నేమున్నదో సభ్యులు తెలిసికొనుట మేలని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. చేసిన తప్పును అర్థము చేసికొనుటకై ఈ సంవత్సరమంతయు తాపీమేస్త్రీల వెంట దిరిగి, పుస్తకములు చదివి, నేను నేర్చుకొన్నది ఇందు కొంత కలదు.

మన పాత పలకలలో మూడింటిని గత మాసమున పైకెత్తించి చూచితిమి. ఆరేండ్లయినను నిండలేదు, అప్పుడే కొన్ని పలకలు అడుగుపెట్టగనే ఊగుచున్నవి. తట్టిన డొల్లు శబ్దము వచ్చుచున్నది. కుర్చీలు తెచ్చిన లారీ వెనుకకు వచ్చినప్పుడు నాలుగు పలకలు పగిలినవి. ఎత్తి చూడగా కారణము కన్నులకు కట్టినది. నాలుగు మూలలయందును నడుమను ఒక్కొక్క ముద్ద సిమెంటుసున్నము పెట్టి, దానిపై పలకను నిలిపినారు. ముద్దల నడుమ నంతయు బోలు. ఆ బోలులో నీరు, ఎఱ్ఱమన్ను, చీమలపుట్ట. పని త్వరగా ముగియుటకును, పలకను మట్టమునకు తెచ్చుట సులభమగుటకును కొందఱు గుత్తదారులిట్లు చేయుదురట. పైనుండి చూచిన ఏ లోపమును కనబడదు గనుక మనమును చూడలేదు, అడుగలేదు, డబ్బు చెల్లించితిమి. ఐదు ముద్దలపై నిలిచిన పలక ఐదు కాళ్ల బల్లవంటిది. కాలు లేనిచోట బరువు పడిన, రాయి యెంత గట్టిదైనను విఱుగును.

ఇక రాయి సంగతి. చీమకుర్తి రాయి తెప్పింపుడని కొందఱి కోరిక. ప్రకాశం జిల్లాలోని ఆ గనులనుండి వచ్చు నల్లరాయి, నడుమ బంగారుచుక్కలతో, లోకమంతట పేరు పొందినది. మన పూర్వుల దేశపు రాయి యను మమకారమును కలదు. ఆ మమకారము నాకును లేకపోలేదు. కాని ఆ రాతి అందమంతయు మెఱుగులో నున్నది. మెఱుగు పెట్టిన రాయి వానలో నెట్లుండునో అవ్వ కథ చెప్పుచున్నది. గర్భగుడి గోడలకు, పీఠములకు అది తగును, ఆరుబయట తగదు. రాయి తడిసినప్పుడు పాదమునకెంత పట్టు నిచ్చునో కొలుచుటకు లోలక పరీక్ష యొకటి కలదు. అందు 36 గాని అంతకు పైబడి గాని వచ్చిన జాఱుట యరుదని లెక్క. ఏ రాయి తెచ్చినను, తడిపి చేసిన ఈ పరీక్షాఫలమును అమ్మువాడు వ్రాతపూర్వకముగా నియ్యవలెనని తీర్మానములో చేర్పవలసినదిగా నా మనవి.

మఱికొందఱు తాండూరు బండలనియు, కడప నాపరాయి యనియు అనుచున్నారు. ఇవి పొరలు పొరలుగా చీలు సున్నపురాళ్లు. చౌకగా పలకలగును, తెలుగునాట ఇండ్లలో పఱచుటకు వాడుకలో నున్నవి. కాని మందిర ప్రాంగణమున వీని కొక శత్రువు కలదు: నిమ్మకాయ. సున్నపురాతిపై పులుసు పడినచోట రాయి కరగి, వెలిసిన మచ్చ యేర్పడును, తుడిచిన పోదు. అమ్మోరి పండుగనాడు మన ముంగిట ఎన్ని నిమ్మకాయలు కోయుదుమో తలచుకొనుడు. కుంకుమ మరకలు పోవలెనని ఎవరైన ఆమ్లము పోసి కడిగిరా, రాతి ముఖమే చెడును.

అట్లైన మనకు తగిన రాయి యేది? నా యెఱుకలో అది మన కాళ్లక్రిందనే యున్నది. మారిషస్ ద్వీపము అగ్నిపర్వతములవలన పుట్టినది. ఇచ్చటి నల్లరాయి, అనగా బసాల్టు, గట్టిది, నీటిని మిక్కిలి తక్కువగా పీల్చును, పులుసునకు సున్నపురాతివలె లొంగదు. 1834 మొదలు 1920 వఱకు దాదాపు ఐదు లక్షలమంది ఒడంబడికపై ఈ దీవికి వచ్చిరి. వారిలో కోరంగి రేవునుండి ఓడలెక్కినందున కోరంగీలని పిలువబడిన మనవారును కలరు. చెఱకు నాటుటకు ముందు నేలలోని రాళ్లను ఏఱి పోగులు పెట్టవలసివచ్చెను. పొలముల నడుమ నేటికిని కనబడు ఆ రాతికుప్పలు వారి చేతులు మోసినవే. పోర్టులూయీలో వారు దిగిన ఆప్రవాసి ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. అచ్చట వారు ఎక్కివచ్చిన మెట్లును ఇట్టి నల్లరాతివే. పాత మిల్లుల పొగగొట్టములనుండి గాని, శిథిలములనుండి గాని రాళ్లు ఊడబెఱుకుట మాత్రము కూడదు. కొత్తగా కోసిన పలకలనే కొనవలెను. పై ముఖమును మెఱుగు పెట్టక, ఉలితో గాని యంత్రముతో గాని సన్నని గరుకు తేలునట్లు కొట్టింపవలెను. మఱీ ముతకగా కొట్టించిన, మోకాళ్లపై ప్రదక్షిణము చేయువారికి బాధ కలుగును.

ఈ రాతికి ఒక దోషము కలదు, దాచను. మిట్టమధ్యాహ్నము నల్లరాయి పెనమువలె కాలును. చెప్పులు విడిచి నడచు చోట ఇది చిన్న విషయము కాదు. ప్రదక్షిణపు దారికి పడమటి దిక్కున నీడ నిచ్చు చెట్లు నాటుటయు, పండుగ పగళ్లయందు కొబ్బరిపీచు చాపలు పఱచుటయు నాకు తోచిన ఉపాయములు. ఇంతకంటె మంచిది తోచినవారు సమావేశమున చెప్పుదురుగాక.

ఇప్పుడు క్రిందికి పోవుదము. మన ప్రాంగణము 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అనగా 108 చదరపు మీటర్లు. రాయి 5 సెంటీమీటర్లు, దాని క్రింది పరుపు 4, కంకర పునాది 15. మొత్తము 24 సెంటీమీటర్లు త్రవ్వవలెను. దాదాపు 26 ఘనపు మీటర్ల మన్ను బయటికి పోవలెను. వేళ్లతోను ఆకుకుళ్లుతోను నిండిన పైమన్ను ఒక్క పిడికెడైనను మిగులరాదు. అది కుళ్లి క్రుంగినచోట రాయియు క్రుంగును. మన ఎఱ్ఱమన్ను తడిసిన మెత్తబడును. పైనుండి బరువు పడినప్పుడెల్ల ఆ మెత్తని మన్ను కంకర సందులలోనికి ఎగబ్రాకును. కొన్ని యేండ్లకు కంకరయే బురదగును. దీని నాపుటకు మన్నునకును కంకరకును నడుమ జియోటెక్స్‌టైల్ అను దళసరి వస్త్రమును పఱతురు. నీరు దిగును, మన్ను పైకి రాదు. పోయినసారి దీని వెల అనవసరమని కొట్టివేసినది మన ఉపసంఘమే.

కంకర యనగా ఒకే పరిమాణపు గుండ్రాళ్లు కాదు. పెద్ద ముక్కనుండి రాతిపొడి వఱకు అన్ని పరిమాణములును కలిసియుండవలెను. అప్పుడే ఒకదాని సందున ఒకటి చేరి బిగియును. దానిని ఒక్కసారిగా పోసి దిమ్మిసతో పైపైన కొట్టిన లోపల వదులుగానే యుండును. ఏడెనిమిది సెంటీమీటర్ల చొప్పున రెండు పొరలుగా పోసి, కొద్దిగా తడిపి, ఒక్కొక్క పొరను అదురు యంత్రముతో బిగింపవలెను. మడమ గట్టిగా త్రొక్కినను గుంట పడకుండనంతవఱకు పని ఆపరాదు.

వాలు ఈ పనిలో ప్రాణము. గరుకురాతికి 60 పాళ్లకు ఒక పాలు వాలు కావలెను. అనగా మీటరునకు సుమారు 17 మిల్లీమీటర్లు. మన 12 మీటర్ల పొడవున ఒకే దిక్కునకు వాల్చిన, ఒక కొనకంటె రెండవ కొన 20 సెంటీమీటర్లు దిగును. గుడి మెట్టు ఎత్తు చెడును. కావున నడుమ వెన్ను ఉంచి రెండు ప్రక్కలకును వాల్చిన 10 సెంటీమీటర్లతో సరిపోవును. రెండు ప్రక్కలను కాలువలుండవలెను. వాలు నీటిని గుడి గోడనుండి దూరముగా కొనిపోవలెను గాని గోడవైపునకు కాదు. ఈ వాలును రాళ్లు పఱచునప్పుడు సవరింతమనువానిని నమ్మరాదు. త్రవ్విన నేలయందే వాలు ఉండవలెను, కంకరయందుండవలెను, పరుపునందుండవలెను. పైకి ఎంత నీరు జాఱినను కొంత సందులగుండ దిగును. ఆ నీరు క్రింద నిలిచిపోకుండ, అంచున రంధ్రములుగల గొట్టము నొకటి పూడ్చి కాలువలోనికి కలుపవలెను. 1960లో కేరల్ తుపాను నెఱిగిన పెద్దలు మనలో ఇంకను కలరు. ఈ దీవిలో వాన ఒక్కనాట ఎంత కురియగలదో వారినడిగి తెలిసికొనుడు.

పరుపునకు ముతక ఇసుక కావలెను. 2001లో మడుగులనుండి ఇసుక తీయుట నిషేధింపబడిన తరువాత ఇచ్చట రాతిని నలిపి చేసిన ఇసుకయే వాడుకలో నున్నది. అది మేలే, సముద్రపు ఉప్పు దానిలో నుండదు. ఐదు పాళ్ల ఇసుకకు ఒక పాలు సిమెంటు కలిపి, గుప్పిట పట్టిన ముద్దగునంత మాత్రమే నీరు చల్లవలెను. పరుపు పలక క్రింద అంతటను నిండుగా నుండవలెను. బసాల్టు నీటిని పీల్చదు గనుక సిమెంటు దానికి తనంతట అంటుకొనదు. పలక వెనుక ముఖమును కడిగి, అంటు నిచ్చు చిక్కని పూత పూసి, ఆ పూత ఆరకముందే పరుపుపై దింపవలెను. అరవై సెంటీమీటర్ల చదరపు పలక సుమారు 52 కిలోగ్రాములు తూగును. ఇద్దఱు పట్టవలసిన బరువు. దింపిన పిదప రబ్బరు సుత్తితో కొట్టి మట్టమునకు తేవలెను. ప్రతి దినమును ఒక పలకను మఱల ఎత్తి చూచు అలవాటొకటి ఒక వృద్ధ మేస్త్రీ నాకు చెప్పినాడు. ఎత్తినప్పుడు వెనుక ముఖమంతయు పరుపు అంటియుండిన పని బాగున్నట్లు. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. ఎత్తవలసిన పలకను మేస్త్రీ కాక మన సభ్యుడొకడు చూపవలెను.

పలకకు పలక తాకునట్లు పఱచుట చూపునకు బాగుండును గాని, ఎండకు రాయి వ్యాకోచించి అంచులు చిట్లును. ఎనిమిది పది మిల్లీమీటర్ల సందు విడిచి, దరజులను సిమెంటుసున్నముతో గట్టిగా క్రుక్కవలెను. నాలుగైదు మీటర్లకొకసారియు, గుడిగోడ వెంబడియు, సాగు గుణము గల పదార్థముతో నింపిన సందు ఉండవలెను. పనియైన తరువాత తడిగోనెలు కప్పి కొన్ని దినములు ఎవరిని నడువనీయరాదు. నల్లరాతిపై సిమెంటులోని సున్నము తెల్లగా పొంగి కనబడవచ్చును. కొన్ని మాసములలో అది వానకు తగ్గును. చూచి కంగారుపడి ఆమ్లము పోయరాదు.

తుపానుల కాలము నవంబరునుండి ఏప్రిలు వఱకు. ఆగస్టు చివరను త్రవ్వకము మొదలిడి నవరాత్రులకు ముందే ముగించిన ఎండు మాసములు మనకు కలిసివచ్చును.

ఖర్చు విషయమున ఒక మాట. రాతి వెల తగ్గించిన నాకు అభ్యంతరము లేదు. చిన్న పలకలు చాలును, రంగు తేడాలున్నను చాలును. కాని కంకర, వస్త్రము, గొట్టము, పరుపు అను నాలుగింటిలో ఒక్కటియు పద్దునుండి కొట్టివేయరాదు. ఇంకొక విన్నపము కలదు: గేటునుండి గర్భగుడి మెట్ల వఱకు పట్టుకొని నడచుటకు చేతికమ్మి యొకటి పద్దులో చేర్పవలెను. కారులో కూర్చుండు అవ్వను దాని యెత్తు ఎంత యుండవలెనని అడిగితిని. ఆమె చేయి చాచి చూపినది. కొలిచి వ్రాసియుంచితిని, 85 సెంటీమీటర్లు.