దుబాసీ మింగిన మాట

మీ ఇంట్లో తెలుగు రాని వంటాయన ఒకరు ఉన్నారనుకోండి. మీ మాట ఆయనకు చేరాలంటే మధ్యలో ఒక దుబాసీ కావాలి. మీరు ఒక చీటీ మీద రెండు వాక్యాలు రాసి దుబాసీ చేతికి ఇచ్చారు.

"కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచు. కుండ లేకపోతే పని ఆపి నాతో చెప్పు."

దుబాసీ మహా తెలివైనవాడు. "నీళ్ళు ముంచాక ఇక కుండ ఉన్నట్టే కదా! మళ్ళీ ఈ రెండో వాక్యం దేనికి? దండగ!" అనుకున్నాడు. మొదటి వాక్యం మాత్రమే వంటాయనకు చెప్పాడు. రెండోదాన్ని మింగేశాడు!

కట్టుకథ అనుకుంటున్నారా? 2009లో లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అచ్చంగా ఇదే జరిగింది.

కంప్యూటరులో ప్రోగ్రాములన్నిటికీ పెద్దదిక్కు ఆపరేటింగ్ సిస్టమ్. దాని గుండెకాయ పేరు కెర్నెల్. మెమరీ ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు చూడవచ్చు వంటివన్నీ నిర్ణయించేది అదే. కెర్నెల్‌ను మనుషులు ఎక్కువగా 'సి' అనే భాషలో రాస్తారు. కాని ప్రాసెసరుకు ఆ భాష రాదు. దానికి తెలిసినవి అంకెలే. అందుకని 'కంపైలరు' అనే మరో ప్రోగ్రాము సి భాషను అంకెల భాషలోకి, అంటే యంత్రభాషలోకి మారుస్తుంది. మన దుబాసీ అన్న మాట!

లినక్సు 2.6.30 కెర్నెల్‌లో, నెట్‌వర్కుకు సంబంధించిన ఒక భాగంలో, ముందు ఒక చిరునామా దగ్గరికి వెళ్ళి సమాచారం తీసుకొమ్మని రాశారు. ఆ తరవాతి వరసలో 'చిరునామా సున్నా అయితే ఆగిపో' అని రాశారు. సున్నా అంటే అక్కడ ఏమీ లేదని గుర్తు. వరస తిరగబడింది, చూశారా? కంపైలరు దుబాసీలాగే ఆలోచించి ఆ తనిఖీని తీసేసింది. అప్పుడు ఒక టక్కరి ప్రోగ్రాము సున్నా చిరునామాలో తన సొంత 'కుండ' పెట్టగలిగితే, కెర్నెల్ ఆ కుండలో నీళ్ళే తాగేది! మామూలు వాడుకరి యంత్రం మొత్తానికి యజమాని అయిపోవచ్చు.

సి భాషలో చదివినవారికి తనిఖీ కళ్ళెదుటే ఉంది. యంత్రభాషలో మాత్రం లేదు. తరవాత వరస సరిదిద్దారు. కెర్నెల్ తయారుచేసేటప్పుడు అలాంటి తనిఖీలను తొలగించవద్దని కంపైలరుకు గట్టిగా చెప్పారు కూడా.

దీన్నిబట్టి ఏం తెలిసింది? రాసింది చదివితే చాలదు. చివరకు తయారైనదాన్ని కూడా చదవాలి.

అంకెల్లో మాటలు

అది అంత తేలికా? కాదు. "వాడికిపాలుపోలేదు" అని ఖాళీలు లేకుండా రాశారనుకోండి. వాడికి ఏం చేయాలో తోచలేదనా? వాడికి రావలసిన పాలు పోలేదనా? ఎక్కడ విడదీశామన్న దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. యంత్రభాషలోనూ మాటల మధ్య ఖాళీలు ఉండవు.

184, 195, 0, 0, 0 అనే ఐదు అంకెలు చూడండి. ఇంటెల్ తరహా ప్రాసెసరు వీటిని మొదటినుంచి చదివితే, '195ను ఫలానా గడిలో పెట్టు' అనే ఒకే ఆజ్ఞ. ఒక్క అంకె దాటి, 195 దగ్గర మొదలుపెడితే? 195 అంటే 'వచ్చినచోటికి తిరిగి వెళ్ళు' అని అర్థం! ఈ భాషలో ఒక ఆజ్ఞ 1 నుంచి 15 బైట్ల వరకు ఎంత పొడవైనా ఉండవచ్చు. అందుకే చదివే ప్రోగ్రాము ముందు మాటలను సరిగ్గా విడదీయాలి.

నడపకుండా పరీక్ష

విడదీశాక ఏం చూడాలి? కంప్యూటరు ఒక పనిలోంచి మరో పనికి వెళ్ళేటప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో ఒక పళ్ళెం మీద రాసి దొంతర మీద పెడుతుందనుకోండి. 'తిరిగి వెళ్ళు' అంటే, పైనున్న పళ్ళెం మీద రాసిన చోటికి వెళ్ళమని. ఈ దొంతర పేరు 'స్టాక్'. ఇప్పుడు ఈ చీటీ చదవండి.

1. దొంతర మీద ఇంకో పళ్ళెం పెట్టు.
2. వాన కురుస్తుంటే 5కు వెళ్ళు.
3. పని చెయ్యి.
4. పై పళ్ళెం తీసెయ్యి.
5. తిరిగి వెళ్ళు.

ఎండ కాసే రోజుల్లో వెయ్యిసార్లు నడిపి చూసినా తప్పు కనబడదు. వాన పడ్డ రోజున మాత్రం అదనపు పళ్ళెం పైనే ఉండిపోతుంది. కంప్యూటరు దారి తప్పుతుంది.

నడపకుండా చదివితే? 5వ వాక్యానికి రెండు దారులున్నాయి. ఒక దారిన వస్తే అదనపు పళ్ళెం లేదు. రెండో దారిన వస్తే ఉంది. రెండూ పొసగలేదు కాబట్టి తప్పు ఉన్నట్టే! వానకోసం ఎదురుచూడనక్కరలేదు. ఇలా నడపకుండా చదివి తప్పులు పట్టడాన్ని స్థిర విశ్లేషణ అనవచ్చు.

20 చోట్ల దారి రెండుగా చీలితే మొత్తం 10,48,576 దారులు అవుతాయి. అన్నీ నడవాలా? అక్కరలేదు. ప్రతి వాక్యం దగ్గరా దొంతర ఎంత ఎత్తుందో గుర్తుపెట్టుకుంటే చాలు. మళ్ళీ అక్కడికే వచ్చినప్పుడు అదే ఎత్తు ఉంటే, ముందు దారి ఇదివరకే చూసేసినట్టు. ఎత్తు తేడాగా ఉంటే హెచ్చరిక!

2016లో లినక్సు కెర్నెల్‌లో చేరిన 'ఆబ్జ్‌టూల్' అనే ప్రోగ్రాము చేసే పని ఇదే. అది చదివేది సి భాషను కాదు, కంపైలరు ఇచ్చిన యంత్రభాషను. ఇది 2009 నాటి దోషం కోసం పుట్టినది కాదు. కెర్నెల్ ఎప్పుడైనా కుప్పకూలితే, దొంతరను చూసి ఏ పని ఏ పనిని పిలిచిందో తప్పు లేకుండా చెప్పగలగాలి. అందుకోసం వచ్చింది.

తెరిచిన తలుపు

2019లో దానికి మరో బాధ్యత అప్పగించారు. మామూలు ప్రోగ్రాముల మెమరీని కెర్నెల్ పొరపాటున ముట్టుకోకుండా ప్రాసెసరులో ఒక తలుపు ఉంటుంది. అవసరం పడితే కెర్నెల్ తలుపు తీసి, గబుక్కున పని ముగించి, మూసెయ్యాలి. తలుపు తెరిచి ఉండగా వేరే పనులకు వెళ్ళకూడదు. రాసినవారు జాగ్రత్తగానే రాస్తారు. కాని ఒక్కోసారి కంపైలరు తనంతట తాను మధ్యలో మరో పనికి పిలుపు చేరుస్తుంది! అది సి భాషలో కనబడదు. యంత్రభాష చదివే ఆబ్జ్‌టూల్‌కు దొరికిపోతుంది.

మరి ఇలా చదివితే తప్పులన్నీ తెలిసిపోతాయా? తెలియవు. ఏ ప్రోగ్రాము ఇచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో ఆగదో తప్పకుండా చెప్పగల పద్ధతి ఏదీ ఉండదని 1936లోనే ఇంగ్లండుకు చెందిన అలన్ ట్యూరింగ్ నిరూపించాడు. పైగా, కొన్ని ఆజ్ఞలు ఎక్కడికి గెంతుతాయో నడిచేటప్పుడే తేలుతుంది. అందుకే ఇలాంటి ప్రోగ్రాములు ప్రశ్నలను చిన్నవి చేసుకుంటాయి. 'ఈ ప్రోగ్రాము మంచిదా?' అని అడగవు. 'దొంతర సరిగ్గా ఉందా? తలుపు మూశారా?' అని అడుగుతాయి. చిన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరుకుతుంది.

లెక్కల పరీక్షలో మీరు చిత్తుకాగితం మీద జవాబు సరిగ్గానే రాబట్టి, ఎక్కించేటప్పుడు ఒక అంకె వదిలేశారనుకోండి. మార్కులు వేసేది చిత్తుకాగితానికి కాదు, మీరు చేతికిచ్చిన కాగితానికి. కంప్యూటరూ అంతే!

ఇక మీకో చిన్న ప్రశ్న. పైన ఇచ్చిన ఐదు వాక్యాల చీటీలో ఒకే ఒక్క అంకె మారిస్తే, వానలోనూ ఎండలోనూ దారి తప్పదు. ఏ అంకె? నడపకుండా, చదివి చెప్పండి చూద్దాం!