ఎండాకాలపు ఏరు

కోసిగిలో పుట్టి పెరిగినవాళ్లకు ఎండాకాలమంటే ఏరు చిక్కిపోయే కాలం. మార్చి దాటితే తుంగభద్రలో నీళ్లకన్నా ఇసుకా బండలే ఎక్కువ కనబడతాయి. ఆ బండల మధ్య మడుగుల్లోనే మేం ఈత నేర్చుకున్నాం. ఏటికి భయపడాల్సింది శ్రావణంలో, పైన హోస్పేట డ్యాం గేట్లు ఎత్తారని కబురొచ్చినప్పుడు. ఈ లెక్క మాకెవరూ పాఠంగా చెప్పలేదు, ఒంటికి పట్టేసింది. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లయినా అది నన్ను వదల్లేదని మూడేళ్ల కిందట ఒక జూన్ ఆదివారం తెలిసొచ్చింది. పిల్లాపాపలతో వెళ్లదగిన వేసవి నదీ కార్యక్రమాల మీద రాయమని ఇక్కడి మన సంఘం కమిటీ వాళ్లు అడిగారు. అవి రాస్తాను. ఆ ఆదివారం సంగతి మాత్రం కాస్త ఎక్కువే రాస్తాను.

సియాటిల్ దాపుల్లో ఉన్నవాళ్లు జులైలో బాలర్డ్ లాక్స్‌తో మొదలుపెట్టండి. టికెట్టు లేదు. 1917లో తెరిచిన ఈ లాక్స్ పక్కన చేపల మెట్లున్నాయి. 1976లో వాటిని మళ్లీ కట్టారు, మొత్తం 21 మెట్లు. ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లలోకి ఎక్కుతున్న సాల్మన్ చేపల్ని అద్దాల వెనక నిలబడి చూడొచ్చు. జులైలో సాకై, ఆగస్టులో చినూక్, సెప్టెంబరులో కోహో జోరు. ఇసాక్వాలో 1936లో కట్టిన హేచరీ ఉంది, అక్కడి వాలంటీర్లు ఓపిగ్గా తిప్పి చూపిస్తారు. పిల్లలకు ఐదు రకాల సాల్మన్‌నీ ఐదు వేళ్ల మీద నేర్పుతారు. థమ్ అంటే చమ్. కంట్లో పొడిచే చూపుడువేలు సాకై. అన్నిటికన్నా పొడుగైన నడిమివేలు కింగ్, అంటే చినూక్. వెండి ఉంగరం పెట్టుకునే వేలు సిల్వర్, అదే కోహో. చిటికెనవేలు పింక్. మా పాప ఒక్కసారికే పట్టేసింది. రాటిల్‌స్నేక్ సరస్సు ఒడ్డున సీడర్ నది పరీవాహక విద్యాకేంద్రం ఉంది. మన కొళాయి నీళ్లు ఎక్కడ పుట్టి ఎలా వస్తున్నాయో అక్కడ చూపిస్తే పిల్లలు ఇంట్లో నీళ్లు పారబోయడానికి ఆలోచిస్తారు.

మా అమ్మ ఇక్కడికి వచ్చిన ఏడు ఆమెను బాలర్డ్ అద్దాల దగ్గరికి తీసుకెళ్లాను. ఈ చేప ఏట్లో పుడుతుంది, సముద్రానికి పోయి పెరుగుతుంది, కొన్నేళ్లకు పుట్టిన ఏటి వాసన పట్టుకుని అక్కడికే తిరిగొస్తుంది అని చెప్పాను. పులస కథలాగే ఉంటుందమ్మా అన్నాను. సముద్రపు చేప వరద నీటికి గోదావరి ఎక్కుతుంది, దానికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం వచ్చింది. ఇక్కడివాళ్లు అడ్డం కట్టినచోట మెట్లు కూడా కట్టారు అన్నాను. మాకు పులసతో ఏం పని అనుకుందో ఏమో, ఆమె ఆ మాట పట్టించుకోలేదు. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసి, "అయితే ఇవి సుగ్గికి పోయొస్తున్నాయన్నమాట" అంది. గుంటూరు మిరప చేలకూ పత్తి చేలకూ మూటాముల్లె కట్టుకుని పోయి, ఉగాదికి ఊరు చేరే జనాన్ని చూస్తూ బతికిన మనిషి ఆమె. "వచ్చినాక ఏం జేస్తాయి?" అని అడిగింది. గుడ్లు పెట్టి చచ్చిపోతాయమ్మా అన్నాను. ఇంక మాట్లాడలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. నా ఉద్యోగం నదుల్ని బాగుచేసే ఇంజినీరింగు. సాల్మన్ పిల్లలు బతకాలంటే నీళ్లు చల్లగా ఉండాలి. సాల్మన్‌కు ముఖ్యమైన ఏరుల్లో వేసవి నీళ్లు 16 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని వాషింగ్టన్ రాష్ట్ర ప్రమాణం. గులకరాళ్ల సందుల్లోంచి నీళ్లు వడిగా పారాలి, లేకపోతే గుడ్లకు గాలి ఆడదు. దాక్కోవడానికి నీడ, మడుగు కావాలి. అందుకని పెద్దపెద్ద దుంగల్ని వేళ్లతో సహా తెచ్చి ఏట్లో కుప్పగా పాతుతాం. ఆ దుంగల్ని ప్లాను మీద గీసేది నాలాంటివాళ్లమే. చల్లదనం, వడి, దుంగలు: సాల్మన్‌కు ప్రాణం పోసే ఈ మూడే మనిషి ప్రాణం తీస్తాయి. ఉద్యోగరీత్యా నాకిది తెలుసు. ఆ రోజు మాత్రం తట్టలేదు.

అలాంటి ఒక నదీ కార్యక్రమానికే వెళ్లాం. పొద్దున ఒడ్డున నడకా నీటి పురుగుల పరిశీలనా అయ్యాయి. స్కైకోమిష్ నది ఒడ్డున అన్నం తిన్నాం. ఎండ 85 డిగ్రీల ఫారన్‌హీట్. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున ఒక్కో రాయీ కనిపిస్తోంది. అప్పటికి రెండు నెలల కిందటే ఉద్యోగానికి వచ్చిన మా తమ్ముడు ప్యాంటు పైకి మడిచాడు. వద్దురా అన్నాను గానీ గట్టిగా అనలేదు. "మోకాలు లోతు గూడా లేదులేక్కా, మన ఏరు కంటే ఇదేం పెద్దది?" అన్నాడు. నాలుగో అడుగుకు రాయి జారింది. తుంగభద్రను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన మనిషి నోరు తెరిచాడు, గొంతులోంచి మాట రాలేదు. చెయ్యి ఎత్తలేదు, అరవలేదు. యాభై గజాల అవతల దుంగల కుప్ప ఉంది. దానికి ఇవతల ఒక రాఫ్టు ఆగి ఉండటం మా అదృష్టం. అందులో ఉన్నాయన తాడు విసిరాడు. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఒడ్డుకు వచ్చాక పొడి చొక్కా ఇస్తే గుండీ పెట్టుకోవడానికి వేళ్లు వంగలేదు. బడికి పోయే రోజుల్లో పెట్టినట్టు గుండీలన్నీ నేనే పెట్టాను.

ఇక్కడి కొండల మీద మంచు జోరుగా కరిగేది మే, జూన్ నెలల్లో. అంటే ఎండ ఎక్కువయ్యేకొద్దీ మన ఏరు చిక్కుతుంది, ఇక్కడి ఏరు పొంగుతుంది. పొద్దున దాటిన చోట సాయంత్రానికి నీరు పెరిగి ఉండొచ్చు. నీళ్లు తేటగా ఉంటే అడుగు దగ్గరగా కనబడుతుంది, లోతు తెలియదు. చన్నీళ్లలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. నీళ్లలో తల ఉండగా ఎగపీల్చామంటే అంతే. ఆ తర్వాత పది నిమిషాల్లో చేతులూ కాళ్లూ మాట వినవు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి గంట పడుతుంది. చాలామంది అంతదాకా రారు. గజ ఈతగాడినన్న ధైర్యం ఆ మొదటి నిమిషంలో అక్కరకు రాదు.

దుంగల కుప్పను రాఫ్టు నడిపేవాళ్లు జల్లెడ అంటారు. నీళ్లను పోనిస్తుంది, మనిషిని పట్టుకుంటుంది. కొట్టుకుపోతుంటే నిలబడాలని చూడకండి, పాదం రాళ్లలో ఇరుక్కుంటే వడి మనిషిని ముందుకు వంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టాలి. దుంగలు తప్పవనిపిస్తే మాత్రం బోర్లా తిరిగి వాటివైపే బలంగా ఈది పైకి ఎక్కాలి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకండి. తాడో కొమ్మో చున్నీనో అందించండి, 911కు ఫోన్ చెయ్యండి. 19 అడుగుల లోపు పడవల్లో 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరని ఈ రాష్ట్ర చట్టం. ఒడ్డున ఆడుకునే పిల్లలకూ వేయమని నా మనవి. చాలా పార్కుల్లో ఉచితంగా అరువు ఇచ్చే బోర్డులుంటాయి. గాలి దిండ్లు, రబ్బరు ట్యూబులు జాకెట్‌కు బదులు కావు.

బయల్దేరేముందు ఇంకొకటి చూసుకోండి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ చాలా నదుల్లో ప్రవాహాన్ని సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు పెడుతుంది. సెకనుకు ఘనపుటడుగులంటే మన క్యూసెక్కులే. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి జనానికి ఈ మాట కొత్తగా చెప్పాలా? డ్యాంలో ఇన్‌ఫ్లో ఎంత, దిగువ కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారని పొద్దున్నే పేపర్లో చూసుకున్న ఇళ్లు మనవి. నీటి విలువ మనంతగా ఎరిగినవాళ్లు ఈ దేశంలో అరుదని నా నమ్మకం. నాన్న పేపరు చదివినట్టు మనం ఆ అంకెల్ని పిల్లల చేత చదివిద్దాం. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతో వాళ్లనే చెప్పమందాం.

అలాగే ఐదు సాల్మన్ల పేర్లు నేర్చిన పిల్లలకు బొచ్చె, శీలావతి, కొర్రమీను పేర్లూ చెప్పండి. తుంగభద్ర ఎక్కడ కృష్ణలో కలుస్తుందో పటం మీద వేలు పెట్టి చూపించండి. ఇక్కడి మూలవాసులు చేప కోసం కోర్టుల దాకా వెళ్లారు. పట్టదగిన చేపల్లో సగం వాళ్లదేనని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చాడు. నిస్క్వాలీ తెగ నాయకుడు బిల్లీ ఫ్రాంక్ జూనియర్ జీవితమంతా ఆ పోరాటమే. ఏటి కోసం ఎన్నోసార్లు అరెస్టయిన ఆ మనిషి కథ పిల్లలకు చెబితే, మన ఏటిని గురించి వాళ్లే అడుగుతారు.

పోయిన అక్టోబరులో సీడర్ నది దగ్గరికి మన పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు తమ్ముడూ వచ్చాడు. అందరినీ వంతెన మీదే నిలబెట్టాడు. కింద ఎర్రబడిన సాకై ఒకటి పక్కకు ఒరిగి తోకతో గులకరాళ్లను విసురుతోంది. చుట్టూ రాళ్లు నాచుపట్టి నల్లగా ఉన్నాయి, ఆ కాస్త చోటు మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంది. దిగి దగ్గర్నుంచి చూడొచ్చా మామా అని ఒక పిల్లాడు అడిగాడు. "ఆ తెల్లగుండేది దాని గూడురా. వేల గుడ్లుంటాయి దాంట్లో, మన అడుగు పడిందంటే పోతాయి" అన్నాడు. ఆ పిల్లాడు కమ్మీలకు గడ్డం ఆనించుకుని, ఆ చేప తోక విసిరినప్పుడల్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.