వడ్డన వెనుక వంటశాల

బెంగళూరు నగరమున ఆంధ్ర భోజనము పేరెన్నిక గన్నది. అరటియాకున పప్పు, నెయ్యి, పచ్చడి, పులుసు, పెరుగు వరుసగా వడ్డించు భోజనశాలలను ఎరుగని మనవారు అరుదు. ఆ వడ్డనకు వెనుక జరుగు శ్రమను ఎరిగినవారు మాత్రము కొలదిమందియే.

పళ్లెమునకు ఇంతయని కొలిచి యిచ్చు ఫలాహారశాలలో ఎంత వండవలయునో లెక్క తెలియును. మారువడ్డన గల భోజనములో ఆ లెక్క కుదురదు. ఒకరు రెండుమారులు, మరియొకరు నాలుగుమారులు అన్నమడుగుదురు. అన్నము అడుగంటిన పిమ్మట ఎసరు పెట్టినచో, ఎంత తొందరపడినను ఉడుకవలసినంత సేపు ఉడుకవలసినదే. ముందుగనే ఎక్కువ వండినచో మిగిలి నష్టము కలుగును. కావున ఒక గుండిగ దించకముందే రెండవ గుండిగలో ఎసరు మరుగుచుండవలయును. ఈ అంచనాయే వంటమాస్టరు నేర్పు. అదియే అతని మనోభారము. మధ్యాహ్నపు రద్దీలో సప్లయరుల కేకలన్నియు అతనిపైననే పడును.

దీనికి తోడు పొయ్యిల సెగ, గంజి ఆవిరి, తాలింపు ఘాటు. తడినేలపై పరుగిడునప్పుడు కాలు జారుటయు, చేయి కాలుటయు కలదు. చెమటతో ఒంటిలోని నీరును ఉప్పును పోవుచున్నను, నీరు త్రాగుటకైనను తీరిక చిక్కదు.

అన్నిటికంటె పెద్ద బాధ దినము రెండుగా చీలుట. మధ్యాహ్నపు వడ్డన ముగిసినను రాత్రి వడ్డన మిగిలియుండును. నడుమ దొరకు సమయము దూరమున నున్న ఇంటికి పోయివచ్చుటకు చాలదు. కర్ణాటకలో 1961లో చేసిన దుకాణముల, వాణిజ్య సంస్థల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు పనికి హద్దుగా నిర్ణయించెను. 5 గంటల పనికి పిమ్మట 1 గంట విశ్రాంతి నియ్యవలయుననియు, విశ్రాంతితో కూడ దినమంతయు 12 గంటలకు మించరాదనియు విధించెను. చీలిన దినముల వలని కష్టమును ఎరిగి చేసిన నియమమిది.

నా తరగతిలో వంటపనివారి బిడ్డలు కలరు. తండ్రి పనికి పోవునప్పటికి బిడ్డ నిద్ర లేవడు. తిరిగి వచ్చునప్పటికి మరల నిద్రించియుండును. మేము బడిలో అక్షరములు నేర్పగలము. ఇంటి పలుకు నేర్పవలసినది తలిదండ్రులే. పరరాష్ట్రమున తెలుగు నిలువవలెనని సభలు జరుపు మనము, తండ్రి బిడ్డతో మాటాడుటకు తీరిక కలదా యని కూడ విచారింపవలయును.

మనవారిలో భోజనశాలల యజమానులు కలరు. పగటికొక జట్టు, రాత్రికొక జట్టు ఏర్పరచుట, పొగ పోవుటకు మార్గము, చేతికందునట్లు త్రాగునీరు, తప్పని వారపు సెలవు—ఇవి వారు చేయదగిన పనులు. ఆకుముందు కూర్చుండు మనము అన్నము కొంచెము ఆలస్యమైనప్పుడు ఓర్పు వహించుటయు ఒక సాయమే.