తెరచాప పడవలో శీతలీకరణ

తెరచాప పడవలో శీతలీకరణ అనగా గాలి బలంతో నడిచే చిన్న పడవలో ఆహార పదార్థాలను, ఔషధాలను చల్లగా నిలువ ఉంచే ఏర్పాటు. తీరం వదిలిన పడవలో విద్యుత్తు సాధారణంగా బ్యాటరీల నుండే రావాలి. దీపాలకు, రేడియోకు, దిశానిర్దేశక పరికరాలకు కూడా అవే ఆధారం. రెఫ్రిజిరేటరు వాటిని ఖాళీ చేస్తే రాత్రివేళ పడవ దీపాలు లేకుండా, సహాయం కోరే వీలు లేకుండా మిగిలిపోతుంది. అందువలన పెట్టెలోకి రోజుకు ఎంత వేడి చేరుతుందో ముందు లెక్కించి, ఆ తరువాతనే యంత్రాన్ని, బ్యాటరీలను ఎంచుకోవాలి.

నేపథ్యం

పూర్వం నావికులు ఉప్పు వేసిన మాంసం, ఎండబెట్టిన ధాన్యం, డబ్బాల్లో నిలువచేసిన ఆహారంపై ఆధారపడేవారు. 1968-69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన "సుహైలి" అనే పడవ బొంబాయిలో టేకు కర్రతో తయారైనది. సుమారు పది నెలలు సాగిన ఆ యాత్రలో ఆయన ప్రధానంగా డబ్బా ఆహారం మీదనే గడిపాడు. కొద్ది రోజుల ప్రయాణాలకు మంచుగడ్డలు నింపిన పెట్టె నేటికీ వాడుకలో ఉంది. ఒక కిలో మంచు కరిగేటప్పుడు సుమారు 334 కిలోజౌళ్ల వేడిని గ్రహిస్తుంది. దీనినే గుప్తోష్ణం అంటారు.

పెట్టె, ఉష్ణ బంధకం

పెట్టె గోడల మధ్య వేడిని అడ్డగించడానికి నింపే పదార్థాన్ని ఉష్ణ బంధకం అంటారు. పాలీయూరిథేన్ నురుగు ఇందుకు ఎక్కువగా వాడతారు. ఉదాహరణకు సుమారు 100 లీటర్ల పెట్టెకు 1.5 చదరపు మీటర్ల ఉపరితలం, బయట 35 డిగ్రీలు, లోపల 5 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ఉన్నాయనుకుందాం. నురుగు 10 సెంటీమీటర్ల మందం ఉంటే గోడల గుండా రోజుకు దాదాపు 270 వాట్-గంటల వేడి లోపలికి వస్తుంది. ఇది సుమారు మూడు కిలోల మంచును కరిగించగలదు. మందం 5 సెంటీమీటర్లే అయితే ఈ వేడి రెట్టింపు అవుతుంది.

చల్లని గాలి బరువైనది. తలుపు పక్కన ఉంటే తెరిచిన ప్రతిసారీ అది కిందికి జారిపోతుంది. మూత పైన ఉంటే చాలావరకు లోపలే నిలుస్తుంది.

యంత్రాల రకాలు

* కంప్రెసరు పద్ధతి: 12 వోల్టుల విద్యుత్తుతో నడిచే చిన్న కంప్రెసర్లు నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. డాన్‌ఫాస్ సంస్థ రూపొందించిన బీడీ35, బీడీ50 నమూనాలు ప్రసిద్ధమైనవి. 2010 తరువాత ఇవి సెకాప్ పేరుతో వస్తున్నాయి. పడవ ఒరిగినా ఇవి పనిచేస్తాయి.
* శోషణ పద్ధతి: 1922లో స్వీడన్ దేశీయులైన ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ రూపొందించినది. వంటగ్యాసు మంటతో కూడా నడుస్తుంది. ఇందులోని ద్రవం భూమ్యాకర్షణ వలన ప్రవహించాలి కాబట్టి ఒరిగిన పడవలో సరిగా పనిచేయదు. పైగా వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పడవ అడుగున చేరి పేలుడుకు దారితీయవచ్చు.
* పెల్టియర్ పద్ధతి: కదిలే భాగాలు తక్కువ, ధర తక్కువ. కానీ అదే చల్లదనానికి కంప్రెసరు కంటే చాలా ఎక్కువ విద్యుత్తు ఖర్చవుతుంది.

విద్యుత్తు లెక్క

పై ఉదాహరణలో మూత తెరవడం, కొత్త పదార్థాలు పెట్టడం వలన మరో 270 వాట్-గంటల వేడి చేరుతుందనుకుంటే మొత్తం 540 అవుతుంది. కంప్రెసరు తాను వాడుకొనే విద్యుత్తుకు 1.25 రెట్ల వేడిని బయటికి పంపుతుందనుకుంటే, రోజుకు 432 వాట్-గంటలు కావాలి. అనగా 12 వోల్టుల వద్ద 36 ఆంపియర్-గంటలు. నురుగు 5 సెంటీమీటర్లే అయితే 54 ఆంపియర్-గంటలు కావాలి.

సీసపు బ్యాటరీ దీర్ఘకాలం మన్నాలంటే దాని సామర్థ్యంలో సగం వరకే వాడుకోవడం మంచిది. కాబట్టి 100 ఆంపియర్-గంటల బ్యాటరీ నుండి 50 మాత్రమే లభిస్తాయి. మందమైన పెట్టె ఉంటే ఇది ఒకరోజు గడిపి దీపాలకు కొంత మిగులుస్తుంది. పలుచని పెట్టె ఉంటే ఒక్కరోజుకు కూడా చాలదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 80 శాతం వాడుకోవచ్చు.

ఖర్చయిన విద్యుత్తును తిరిగి నింపడానికి సౌర ఫలకాలు, గాలిమర, ఇంజను ఆల్టర్నేటరు ఉపయోగపడతాయి. మంచి ఎండలో 100 వాట్ల ఫలకం నుండి, తెరచాప నీడ వంటి నష్టాలు పోను, రోజుకు సుమారు 350 వాట్-గంటలు ఆశించవచ్చు. కావున పై పెట్టెకు, దీపాలకు కలిపి ఇటువంటివి రెండు కావాలి.

జాగ్రత్తలు

* ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీని రెఫ్రిజిరేటరుకు కలపరాదు.
* తీగలు సన్నగా ఉంటే వోల్టేజి పడిపోయి కంప్రెసరు ఆగిపోతుంది.
* కండెన్సరుకు గాలి ధారాళంగా తగలాలి.
* తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పనికిరాదు. దానిని శీతల ఫలకానికి దూరంగా ఉంచి, పెట్టెలో ఒక థర్మామీటరు పెట్టుకోవాలి.