రేవులో ఎగిరే నంబరు, బల్లకట్టు మీద అందని మాట: విశాఖ తీరంలో సముద్ర వాతావరణ హెచ్చరికలు

బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడి వాయుగుండంగా మారిన మరునాడు విశాఖపట్నం వన్ టౌన్‌లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్నో నంబరు ఎగరేశారు?" కురుపాం మార్కెట్‌లోని వర్తకుడు మొదలుకొని చేపల రేవులో ఐసు మోసే కూలీ వరకు ఆ నంబరును బట్టే ప్రమాదాన్ని అంచనా వేసుకుంటారు. మూడు అంటే కొంత నిబ్బరం, ఐదు అంటే భయం, పది అంటే ప్రళయం. పత్రికలు సైతం అన్నింటినీ "ప్రమాద హెచ్చరిక" అనే ఒకే పేరుతో ప్రకటించడం వల్ల ఇది మెట్ల వరుస వంటిదన్న అభిప్రాయం స్థిరపడిపోయినది. ఈ అవగాహన సగమే సరైనది. మిగిలిన సగంలోని పొరపాటు ప్రాణాలకు సంబంధించినది కనుక విస్తరణ శాస్త్రవేత్తలు దీనిని స్పష్టంగా తెలుసుకొనవలసి ఉన్నది.

భారత వాతావరణ విభాగం రేవులకు జారీ చేసే సంకేతాలు పదకొండు. మొదటి రెండూ దూర సంకేతాలు. సముద్రంలో ఎక్కడో వాయుగుండమో తుపానో ఏర్పడినదని, రేవును వీడి వెళ్ళే ఓడలు జాగ్రత్త వహించాలని మాత్రమే అవి తెలుపుతాయి. మూడవది, నాలుగవది స్థానిక సంకేతాలు. మూడు అంటే రేవులోనే ఈదురుగాలుల బెడద ఉన్నదని, నాలుగు అంటే సముద్రంలోని తుపాను తరువాత ఈ రేవును తాకవచ్చునని అర్థం. ఐదు, ఆరు, ఏడు ప్రమాద సంకేతాలు. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాద సంకేతాలు. పదకొండు మరింత పెద్ద తుపానును సూచించదు. హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయినవని, స్థానిక అధికారి ప్రమాదం పొంచి ఉన్నట్లు భావిస్తున్నారని మాత్రమే అది చెబుతుంది.

అసలు మెలిక ఐదు, ఆరు సంకేతాల మధ్య ఉన్నది. ఈ రెండింటిలో తుపాను తీవ్రతకు సంబంధించిన తేడా లేదు. రేవు తుపాను మార్గానికి ఎడమ పక్కన ఉంటే ఐదు, కుడి పక్కన ఉంటే ఆరు, మార్గం రేవు మీదుగా గాని అతి సమీపంగా గాని ఉంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది సంకేతాలలోనూ ఇదే క్రమం. విశాఖకు అన్వయించి చూస్తే, కళింగపట్నం వైపు తీరం దాటే తుపానుకు ఐదు, కాకినాడ వైపు దాటేదానికి ఆరు వర్తిస్తాయి. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. కనుక పడమరగా కదిలే తుపానుకు కుడివైపు, అనగా ఉత్తరాన, గాలి సముద్రం నుండి నేల మీదికి వీస్తూ నీటిని తీరంపైకి నెడుతుంది. ఎడమవైపు గాలి నేల మీది నుండి సముద్రంలోకి వీస్తుంది. ఉప్పెన భయం కుడివైపే ఎక్కువ. ఒక్క అంకె తేడాలో ఇంత భేదం ఇమిడి ఉన్నదని రేవులో ఎంతమందికి తెలుసు?

మరొక సంగతి. ఈ సంకేతాలు రేవు కోసం, ఓడల కోసం ఏర్పడినవి. పగలు శంకువు, స్తూపం ఆకారపు గుర్తులతో, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలతో నావికులకు కనబడేలా రూపొందినవి. మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక వేరు. గాలి వేగం గంటకు 45 కిలోమీటర్లను మించే సూచన ఉంటే, రేవులో ఏ నంబరూ లేకపోయినా, ఆ హెచ్చరిక వెలువడుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇది తరచుగా జరుగుతుంది. "నంబరు లేదు కదా" అని పడవ తీసేవారికి ఈ తేడా చెప్పేవారు లేకపోవడం మన విస్తరణ వ్యవస్థలోని లోపమే.

వాతావరణ పరిశీలన ఈ ఊరికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబా గార్డెన్స్‌లో నెలకొల్పిన వేధశాల, భారత వాతావరణ విభాగం పుట్టిన 1875 కంటే పాతది. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించారు. విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం 1974లో ఏర్పడినది. మూడేళ్ళకే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన సుమారు పదివేల మందిని బలిగొన్నది.

విశాఖ రేవు వారు మననం చేసుకొనవలసిన తుపాను, నా దృష్టిలో, 1996 నవంబరు 6 నాటిది. కాకినాడకు దక్షిణాన తీరం దాటిన ఆ తుపాను పరిమాణంలో చిన్నది, కాని వేగంగా బలపడినది. అప్పటికే వేటలో ఉన్న పడవలకు ఆ కబురు చేరే మార్గం లేదు. వందలాది మత్స్యకారులు తిరిగి రాలేదు. తీరం దాటి కొద్ది దూరం పోగానే సెల్‌ఫోను పలకదు; వీహెచ్‌ఎఫ్ రేడియో పరిధి కూడా పరిమితమే. 2019 అక్టోబరులో విడుదలైన జెమిని పరికరం ఈ ఖాళీని పూరించడానికే వచ్చినది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ తయారుచేసిన హెచ్చరికలను గగన్ ఉపగ్రహాల ద్వారా అందుకొని, బ్లూటూత్‌తో పడవలోని ఫోనుకు చేరవేస్తుంది. అయితే అది వినడానికే గాని బదులు పలకడానికి కాదు.

1999లో స్థాపితమైన ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం ఆధారంగా చేపలు లభించే ప్రాంతాలను సూచించడంతో పాటు అలల ఎత్తు, ఉబ్బరం, ప్రవాహాల అంచనాలను కూడా ఇస్తున్నది. ఇందులోని "అల ఎత్తు" అనే మాటను జాగ్రత్తగా వివరించాలి. అది అన్నింటికన్నా పెద్ద అల ఎత్తు కాదు. అలలలో పెద్దవైన మూడో వంతు అలల సగటు. 2.5 మీటర్లని చెప్పిన రోజున దాదాపు ఐదు మీటర్ల అల ఒకటి ఎదురుకావచ్చు. తెప్పకు ఆ ఒక్క అలే చాలు.

హెచ్చరికను లెక్కచేయకపోవడానికి మూర్ఖత్వం కారణమని నేను భావించను. ఒక రోజు వేట మానితే డీజిలుకు, ఐసుకు చేసిన అప్పు అలాగే నిలిచిపోతుంది. తుపాను మరోచోట తీరం దాటితే ఆ నష్టం హెచ్చరిక ఖాతాలో పడుతుంది. ఇరవై నాలుగు గంటల ముందు వేసే మార్గం అంచనాలో సగటు తేడా ఇటీవలి సంవత్సరాలలో సుమారు 80 కిలోమీటర్లకు తగ్గినది. తగ్గినా, విశాఖను కేంద్రంగా గీస్తే ఆ పరిధిలో ఉత్తరాన భోగాపురం, దక్షిణాన పూడిమడక రెండూ ఉంటాయి. ఈ అనిశ్చితిని దాచక చెబితేనే మరుసటి హెచ్చరికకు విలువ ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 170–180 కిలోమీటర్ల గాలితో నగరం మీదుగానే తీరం దాటినది. తుపాను కన్ను దాటేవేళ గాలి సద్దుమణిగి, పిదప ఎదురు దిశ నుండి విరుచుకుపడినది. హెచ్చరికలు ముందుగానే అందడం వల్ల అంతటి గాలికి కూడా మృతుల సంఖ్య పదులలోనే ఉన్నది. చెట్లు, పడవలు, అరకు ప్రాంతపు కాఫీ తోటల నీడచెట్లు మాత్రం నేలకూలాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. ఆ కాలంలో మరపడవలు రేవులోనే లంగరు వేసి ఉంటాయి. వలలు బాగుచేసుకొంటూ పడవ నడిపేవారూ కళాసీలూ ఒడ్డునే కూర్చుంటారు. ఐదుకూ ఆరుకూ గల తేడాను, అల ఎత్తుకు గల అర్థాన్ని వారితో కూర్చొని మాట్లాడటానికి అంతకన్న అనువైన రోజులు లేవు. జూన్ 15న పడవలు బయలుదేరేది నైరుతి గాలి సముద్రంలోకే.