జన్యుసవరణ - మనోవికాసం

సికింద్రాబాదులోని మల్కాజ్‌గిరికి ఒకవైపు ఉప్పల్, మరొకవైపు మనోవికాస్‌నగర్ ఉన్నాయి. మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ, మానసిక ఎదుగుదల మందగించిన పిల్లలకు శిక్షణనిస్తున్నది. ఉప్పల్‌లోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రంలో జన్యులోపాలను పరీక్షిస్తారు. ఒకచోట బిడ్డకు మాట నేర్పుతారు. మరొకచోట ఆ మాట ఎందుకు రాలేదో వెతుకుతారు. ఆ కారణాన్నే సరిదిద్దగలమా?

డి.ఎన్.ఎ. దాదాపు 300 కోట్ల అక్షరాల గ్రంథం వంటిది. ఒక్క అక్షరం మారినా కొన్నిచోట్ల అర్థం చెడుతుంది. ‘కలము’ను ‘హలము’ అని రాస్తే అది రైతుకు పనికివస్తుందేమో గాని రాతగాడికి కాదు.

రెట్ సిండ్రోమ్‌నే తీసుకుందాం. ఇది ప్రధానంగా ఆడపిల్లలకు, సుమారు 10,000 మందిలో ఒకరికి వచ్చే వ్యాధి. మొదటి 6 నుంచి 18 నెలల వరకు బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. ఆపైన నేర్చిన మాటలు పోతాయి. బొమ్మను పట్టుకొన్న చేతులు ఒకదానినొకటి పిసుకుకొంటూ ఉండిపోతాయి. ఎక్స్ క్రోమోజోముపై ఉన్న ఎం.ఇ.సి.పి.2 జన్యువులోని దోషమే ఇందుకు మూలమని 1999లో హుడా జోగ్బీ బృందం కనుగొన్నది. చాలా సందర్భాలలో ఈ దోషం తల్లిదండ్రులలో ఉండదు. బిడ్డలోనే కొత్తగా కనిపిస్తుంది. మేనరికం వల్ల పెరిగే వ్యాధులు వేరు. కాబట్టి ఈ వ్యాధికి తల్లిని నిందించడం అన్యాయం.

2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం, జబ్బుపడిన ఎలుకలలో ఈ జన్యువును తిరిగి పనిచేయించింది. వ్యాధి లక్షణాలు చాలావరకు తొలగిపోయాయి. నాడీకణాలు నశించలేదనీ, వాటి పని మాత్రమే కుంటుపడిందనీ తేలింది.

అయితే మంచి జన్యువును అదనంగా చేర్చితే చాలదా? ఇక్కడే చిక్కు ఉన్నది. ఈ జన్యువు మోతాదు మించినా మెదడుకు హానియే. రెట్ బాలికలో దాదాపు సగం కణాలు ఆరోగ్యంగానే ఉంటాయి. అదనపు ప్రతి వాటికి భారమవుతుంది. అందుకే ఉన్నచోటనే దిద్దడం మేలన్న ఆలోచన బలపడింది.

ఆ పనికి సాధనం క్రిస్పర్. బాక్టీరియాలు వైరస్‌లను ఎదుర్కొనే పద్ధతి నుంచి దీనిని 2012లో షార్పెంటియే, డౌడ్నా రూపొందించి, 2020లో నోబెల్ బహుమతి పొందారు. ఒక ఆర్.ఎన్.ఎ. పోగు దారి చూపగా, కాస్-9 అనే ఎంజైము అక్కడ డి.ఎన్.ఎ.ను కత్తిరిస్తుంది. 2016లో వచ్చిన బేస్ ఎడిటింగ్, రెండు పోగులనూ తెంచకుండానే అక్షరాన్ని మార్చుతుంది. రెట్ దోషాలలో తరచు కనిపించేది ‘సి’ ఉండవలసినచోట ‘టి’ ఉండటం. ఇది ఆ పద్ధతికి లొంగే దోషమే.

2025లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, కాలేయ ఎంజైము లోపించిన ఒక పసివాడికి అతని కోసమే తయారుచేసిన బేస్ ఎడిటింగ్ మందు మేలుచేసింది. రక్తంలోకి ఎక్కించిన మందు కాలేయానికి సులభంగా చేరుతుంది. మెదడుకు మాత్రం రక్తనాళాల గోడలే కాపలా. అక్కడికి మోసుకుపోగల చిన్న వైరస్‌లో సుమారు 4,700 అక్షరాలే పడతాయి. సవరణ సాధనం అంతకన్న పెద్దది కనుక రెండు ముక్కలుగా పంపవలసివస్తుంది. పొరపాటున వేరొకచోట దిద్దితే, ఆ తప్పు నాడీకణంలో జీవితాంతం నిలుస్తుంది.

సవరణకు ముందు దోషం ఏ అక్షరంలో ఉన్నదో తెలియాలి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, ఉప్పల్ కేంద్రం నిమ్స్ ఆసుపత్రితో కలిసి విశిష్ట కేంద్రంగా గుర్తింపు పొందింది. వ్యాధి పేరు తెలిసిన రెట్ బాలికకు నేడు అందేవి మూర్ఛకు మందులు, కండరాలు బిగుసుకుపోకుండా వ్యాయామం, చూపుతోనే తన కోరిక తెలిపే శిక్షణ.